బావ నూనె బండి

మొన్న ఎల్లారెడ్డిలో మా అక్క ఇంట్లో బావ సంవత్సరీకం జరిగింది. భోజనాలయ్యాక చుట్టాల్లో ఒకాయన నూనె బండి ముచ్చట చెప్పమని అడిగాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, నేనూ చెబుతాను. ఆ రోజూ చెప్పాను, అందరూ నవ్వారు. విస్తళ్లు ఎత్తుతున్న అక్క మాత్రం నవ్వలేదు. చుట్టాలు వెళ్లాక ఆమె నాతో నాలుగు మాటలు చెప్పింది. ఆ ముచ్చటను ఇంతమంది నోళ్లలో వేసింది నేనే. అది తప్పని చెప్పవలసిందీ నేనే.

బావ గల్ఫ్‌లో చాలా ఏళ్లు డ్రైవరుగా పనిచేసి 2009లో తిరిగొచ్చాడు. మళ్లీ విమానం ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. అక్కడి గదిలో వంతులవారీగా వండుకున్న అన్నం తిని తిని నాలుక మొద్దుబారిందనీ, ఇక చచ్చేదాకా అక్క చేతి సర్వపిండే తింటాననీ అనేవాడు. పాత డీజిల్ కారొకటి కొని ఎల్లారెడ్డికీ కామారెడ్డికీ మధ్య కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. డీజిల్‌తో గిట్టుబాటు కావడం లేదని దాన్ని నూనె మీదికి మార్చాడు. ఆ విద్య గల్ఫ్‌లో పక్క మంచం మెకానిక్ దగ్గర నేర్చుకున్నదట. మిర్చి బజ్జీల బండ్ల దగ్గరా, ఫంక్షన్ హాళ్లలోనూ మిగిలిన కాగిన నూనె తెచ్చి డ్రమ్ముల్లో తేర్చేవాడు. పాత లుంగీలో వడగట్టి, కొంత డీజిల్ కలిపి టాంకులో పోసేవాడు. నూనె పలచబడాలని దాని పైపు చుట్టూ రేడియేటర్ వేడినీళ్ల పైపు చుట్టాడు. బండి కదిలితే వీధంతా బజ్జీల వాసన. కుక్కలు వెంటపడేవి. కామారెడ్డిలో దిగిన సవారీలు నేరుగా బజ్జీల బండి దగ్గరికి నడిచేవాళ్లు, వాళ్ల కోసం కాచిన నూనె చివరికి మళ్లీ బావ డ్రమ్ములోకే వచ్చేది. మూడేళ్లు అలా హాయిగా గడిచాయి.

2012లో దసరా వెళ్లాక బండికి ఏదో అయింది. లింగంపేట దాకా బాగానే వచ్చేది. అది దాటాక లాగుడు తగ్గి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయేది. బావ దిగి, టాంకు మూత తీసి, పుల్ల ముంచి నూనె చూసేవాడు. మూత తీయగానే ఉస్సుమని చప్పుడయ్యేది. "మీ అక్క తీరుగ నిట్టూరుస్తది," అనేవాడు. మూత పెట్టి తాళం తిప్పితే బండి మళ్లీ కదిలేది. ఇంజనుకు కాస్త విశ్రాంతి దొరికింది కాబట్టి కదిలిందని మేమంతా అనుకునేవాళ్లం. ఫిల్టరు మార్చాడు. టాంకు దించి డీజిల్‌తో కడిగితే అడుగు నుంచి బెల్లం పాకంలాంటి జిగట వచ్చింది. రోగం దొరికిందని ఆ పూట ఇంటికి స్వీటు కూడా తెచ్చాడు. మర్నాడు లింగంపేట దాటాక మళ్లీ ఆగింది. చలికి నూనె గడ్డ కడుతోందేమోనని పైపులకు గోనెపట్టా చుట్టాడు. చివరికి మెకానిక్ మాట విని నూనె పూర్తిగా మానేసి ఉత్త డీజిల్ పోసి చూశాడు. అప్పుడూ ఆగింది. ఈ ఒక్క సంగతి నేను ముచ్చటలో ఎన్నడూ చెప్పలేదు. నూనె పోసి బండిని చెడగొట్టాడంటేనే నవ్వు, ఇది చెబితే నవ్వు రాదు.

ఒకనాడు మా అత్తగారి వైపు వాళ్లను పెళ్లికి తీసుకెళ్తూ అడవి దారిలో ఆగిపోయాం. పట్టుచీరల ఆడవాళ్లు నూనె వాసనకు ముక్కులు మూసుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. ఆ అవమానం నా తలకెక్కింది. కామారెడ్డిలో నాకు తెలిసిన ఏజెంటు దగ్గర డ్రైవరు వీసా ఉందని తెలిసి, బావ తరఫున నేనే మాటిచ్చి వచ్చాను. ఆ సంగతి బావకు చెప్పాను.

"జర కొన్ని దినాలు ఆగు బామ్మర్ది. రోగం దొరుకుతది," అన్నాడు.

"రోగం బండికి కాదు బావా, నీకు," అన్నాను.

ఆయన మళ్లీ గల్ఫ్‌కు వెళ్లిపోయాడు. బండిని ఎవరో కొనుక్కుపోయారు. 2014 ఎండల్లో, అక్కడి గదిలో పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. పెట్టెలో తిరిగొచ్చాడు. ఆ తర్వాత కూడా నేను ఆ ముచ్చట చెబుతూనే వచ్చాను, ఆయన్ను తలుచుకున్నట్టుంటుందని.

మొన్న అక్క చెప్పింది ఇదీ. ప్రతి దసరాకూ బండికి పూజ చేసి ఆమె చేతులారా పసుపు రాసి బొట్లు పెట్టేది. బండికి అది కడుపని టాంకు మూతకు మరింత మందంగా పట్టించేది. పెట్టిన బొట్టు తుడవకూడదు కాబట్టి ఎవరూ తుడవలేదు. ఏటికేడు పసుపు నూనె జిడ్డుతో కలిసి గట్టిపడి, మూతలో గాలి పోయే సన్నని రంధ్రం పూడిపోయింది. నూనె తగ్గేకొద్దీ లోపలికి గాలి అందక టాంకు బిగుసుకుపోయి, ఇంజనుకు నూనె దిగేది కాదు. మేము మూత తీసినప్పుడల్లా అది ఊపిరి పీల్చుకునేది. ప్రయాణానికి రెండు రోజుల ముందు బావ అది కనిపెట్టాడు. అక్క గాజులకున్న పిన్నీసు అడిగి తీసుకుని రంధ్రం పొడిచాడు. ఇద్దరూ కామారెడ్డి దాకా పోయి వచ్చారు. ఎక్కడా ఆగలేదు.

"మరి ఎందుకు పోయిండక్కా?" అన్నాను.

"తెల్లారి పొద్దుగాల నువ్వు టికెట్ పట్టుకొని వస్తివి. ఇప్పుడు పోనంటే ఏజెంటు కాడ బామ్మర్ది మాట పోతదన్నడు. పసుపు సంగతి ఎవ్వరికి చెప్పొద్దు, నన్ను ఆడిపోసుకుంటరన్నడు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇన్నేండ్లు చెప్పలే. ఇగ నన్ను అంటే అన్నరు గని, నూనె పిచ్చోడని ఆయన్ని నవ్వకుండ్రి తమ్మీ."

నేను అక్క ముఖంలోకి చూడలేకపోయాను. అందుకే రాస్తున్నాను. మా బావ నూనెలో ఏ దోషమూ లేదు. అక్క పసుపు ఆయన్ను పంపలేదు, నా తొందర పంపింది. ఆయన నన్ను అడిగింది కొద్ది రోజులే. అవి కూడా ఇవ్వలేనంత తొందరలో అప్పుడున్నాను. ఇప్పుడు నా దగ్గర బోలెడంత కాలం ఉంది, అడిగే మనిషి లేడు.