చక్రం కింది రాయి

లూకా చేతి దెబ్బ తినని మగవాడు మా బోయిగూడ సందులో తక్కువ. నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒకటి పడింది. ఆయన మెకానిక్ షెడ్డు ముందు నిలిపిన జీపు ఎక్కి గేరు రాడ్లు కదిపినందుకు. మూడు రోజులు ఎడమ చెవిలో ఈల మోగింది. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు, ఎప్పుడో ఇంజను ఫ్యాను కోసేసింది. ఉన్న మూడు వేళ్ళతోనే రాంగోపాల్‌పేట్‌లో స్పేరుపార్ట్ల దుకాణం గుమాస్తా దవడ విరగ్గొట్టాడు. నకిలీ బేరింగు అంటగట్టాడని. భార్య మేబెల్ బడిలో పంతులమ్మ. ఆమె మీద ఎన్నడూ చెయ్యెత్తలేదని జనం గొప్పగా చెప్పుకునేవారు. ఒక మనిషి గురించి చెప్పుకోవడానికి అంతకన్నా మంచి దొరకలేదంటే ఎలాంటి మనిషో తెలుస్తుంది.

ఆ జీపు సంగతి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి బురదలో, గుట్టల్లో, తూటాల మధ్య పరిగెత్తే తేలికపాటి బండి కావలసి వచ్చింది. విల్లీస్ అనే కంపెనీ చేసి ఇచ్చిన బండి లక్షల్లో తయారై దేశాల మీద పడింది. జీపు అనే పేరు ఎట్లా వచ్చిందో తలా ఒక కథ చెబుతారు, ఏదీ తేలదు. యుద్ధం అయిపోయాక బొంబాయిలో భాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. మన సైన్యమూ అదే తోలింది. సికింద్రాబాద్‌లో సైన్యం ఉన్నంత కాలమూ ముసలి జీపులు వేలానికి వచ్చేవి. నిన్నటిదాకా తుపాకులు మోసినది ఇవాళ ఉల్లిగడ్డలు మోసేది. ఇప్పుడు కుర్రాళ్ళు లక్షలు పోసి కొత్తవి కొంటున్నారు. ఆదివారం బురదలో దించుతారు, ఫొటో దిగుతారు, సోమవారం షాంపూతో కడుగుతారు. మనిషి మీదికి ఎక్కితే అది ఎంత బరువుంటుందో వాళ్ళెవరికీ తెలియదు.

లూకాకు తెలుసు.

1989లో అలాంటి వేలంలోనే లూకా, లక్ష్మణ్ కలిసి చెరి సగం వేసుకుని ఆ జీపు కొన్నారు. లక్ష్మణ్‌ది ఇదే సందు, పంపులు బాగుచేసేవాడు. చర్చిలో లూకా పెళ్ళికి తోడు నిలబడ్డవాడూ అతనే. బూట్లు కరిస్తే విప్పి చంకలో పెట్టుకుని పాస్టరు ముందు ఉత్త కాళ్ళతో నిలుచున్నాడట. మేబెల్ ఇప్పటికీ చెబుతుంది. సైనిక్‌పురి దాటాక అప్పట్లో రాళ్ళ క్వారీలు ఉండేవి. గుంతలో నీళ్ళు చేరితే తోడాలి. ఈ జీపు వెనక ఒక కప్పీ ఉంది. దానికి బెల్టు తగిలిస్తే ఇంజను పంపును తిప్పుతుంది. ఇద్దరూ అదే పని చేసి బతికారు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. జీపులో గేరు వేసే పెద్ద రాడ్ పక్కన చిన్న రాడ్ ఉంటుంది. దాన్ని నడిమికి లాగితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. అప్పుడు పెద్ద రాడ్‌ను గేరులో వేస్తే బండి కదలదు, వెనక కప్పీ ఒక్కటే తిరుగుతుంది. పని అయ్యాక చిన్న రాడ్ వెనక్కి వేయడం మరిచిపోతే, పెద్ద రాడ్ గేరులో ఉన్నా బండి వాలులో ఆగదు. ముసలి జీపులకు హ్యాండ్ బ్రేకు అలంకారానికే, ఆయిలు కారి కారి ఏనాడో జారిపోయి ఉంటుంది. అందుకే చక్రం కింద రాయి. జీపు తోలేవాళ్ళు తిండి మరిచినా రాయి మరవరు.

1993 వేసవి. నీళ్ళు తోడడం అయిపోయింది. లూకా ఇంజను ఆపి దిగాడు. లక్ష్మణ్ గుంత వైపు నిలబడి పైపు చుడుతున్నాడు. జీపు వాలులో, ముందు చక్రం కింద రాయితో ఉంది. కొద్దిసేపటికి క్వారీ కూలీలకు కేక వినిపించింది. వచ్చి చూస్తే లక్ష్మణ్ బండకూ జీపు బంపరుకూ మధ్య ఉన్నాడు. నడుము కింద మనిషి లేడు. నోటి నుంచి నెత్తురు బుడగలు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆరుగురు కలిసి జీపును వెనక్కి నెట్టారు. నెట్టగానే లోపల పట్టి ఉన్నదంతా బయటికి వచ్చి, అతను రెండు నిమిషాలు కూడా లేడు.

లూకా అందరికీ ఒకటే చెప్పాడు. "న్యూట్రల్‌ల ఉన్నది, నేను ఎక్కేదాక ఆగురా అన్న. వినలే. రాయి గుంజిండు."

పోలీసులు అదే రాసుకున్నారు. లక్ష్మణ్ భార్య శారదమ్మ చంకలో ఎనిమిది నెలల పిల్లవాడిని పెట్టుకుని అదే విన్నది.

ఒక్క మనిషి నమ్మలేదు. లక్ష్మణ్ అన్న దయాకర్. లారీ డ్రైవరు. మర్నాడు క్వారీకి పోయి జీపు లోపల చూసి వచ్చాడు. పదో దినం వంటలు ఉడుకుతుంటే, అందరి ముందూ లూకాను నిలదీశాడు.

"న్యూట్రల్‌ల ఉన్నది అన్నవ్ గదరా. పెద్ద రాడ్ గేరుల ఉన్నది, నేను జూసిన. చిన్న రాడ్ నడుమ ఉన్నది. నువ్వు మరిచినవ్. గేరుల ఉన్నది, రాయి తియ్యి అని నువ్వే అన్నవ్. అవునా, కాదా?"

లూకా పొయ్యి పక్కన కట్టెలు చీలుస్తున్న గొడ్డలి తీసుకుని దాని కర్ర కామతో కొట్టాడు. మొదటి దెబ్బకు దయాకర్ ముక్కు పోయింది. రెండో దెబ్బకు ఎడమ కన్ను పోయింది. గుడ్డు చెంప మీదికి జారి అన్నం గంప మీద నెత్తురు పడింది. లూకా ఆరు నెలలు జైల్లో ఉండి వచ్చాడు. దయాకర్‌కు లారీ పోయింది, ఒంటి కన్నువాడికి లైసెన్సు ఎవరిస్తారు? కల్లు కాంపౌండులో కూర్చుని అదే మాట చెప్పేవాడు, పెద్ద రాడ్ గేరుల ఉన్నది, పెద్ద రాడ్ గేరుల ఉన్నది అని. తాగుబోతు మాట అనుకున్నారు. కన్ను పోయిన కడుపుమంట అనుకున్నారు. రెండేళ్ళ కింద చచ్చిపోయాడు, అబద్ధాలకోరుగా.

ఆ తర్వాత ఎవడు ఆ ఊసెత్తినా లూకా చెయ్యి లేచేది. ఏడాదికోసారి ఎవడికో ఒకడికి పడేది. అసలు మాట బయటికి రాకుండా ఒక సందు మొత్తాన్ని కొట్టి నోరు మూయించవచ్చు. ముప్పై ఏళ్ళు మూయించాడు.

చర్చికి మాత్రం మానలేదు. నెలకో ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సమయానికి లేచి బయటికి వెళ్ళి చెప్పుల దగ్గర నిలబడేవాడు. తోటివాడితో కలహం పెట్టుకుని బల్లలో చెయ్యి వేయకూడదని వాళ్ళ కట్టడి. కోపిష్టి కదా, ఎవరితోనో గొడవ ఉండే ఉంటుందిలే అనుకునేవారు.

శారదమ్మ మిషను కుట్టి కొడుకును చదివించింది. బతుకమ్మ పండుగ ముందు పెద్దల అమాస నాడు లక్ష్మణ్ ఫొటో ముందు విస్తరి వేసి, అన్నం పెడుతూ ఏటా తిట్టేది. "తిను, తొందరపోతా. ఆగమంటే ఆగకపోతివి. ఒక్క నిమిషం ఆగితే నీ సొమ్మేం పోయె?" గోడ అవతల మా ఇంటికి వినపడేది. నవ్వుకునేవాళ్ళం కూడా.

ఆమె కొడుకు విశ్వతేజకు ఇప్పుడు ముప్పై ఒకటి. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. పోయినేడు కొత్త జీపు కొన్నాడు. అదీ ఆ పాత దాని మనవడే, పక్కన చిన్న రాడ్ కూడా ఉంది. తండ్రిని చంపిన జాతి బండి కొంటివేమిరా అని తల్లి ఏడిస్తే, "బండి తప్పు కాదమ్మా, నాయిన తొందర" అన్నాడట. గుట్టలు ఎక్కించే గుంపులో చేరాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం విశ్వతేజ లూకా షెడ్డుకు వచ్చాడు. ఒంటి నిండా ఎర్రమట్టి. నేను అక్కడే నా బండి చెయిను బిగించుకుంటున్నాను. లూకా టైరు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"రా బిడ్డా. ఏందీ, గుట్ట నువ్వెక్కినవా, గుట్టే నీ మీదెక్కిందా?"

విశ్వతేజ నవ్వలేదు. "కాకా, పొద్దుగాల మా దోస్తు ఒకడు వాలుల బండి ఆపి గేరుల పెట్టి దిగిండు. అయినా దొర్లింది. జెరంతల ఒక పోరి కాలు నలగకుంట తప్పింది."

లూకా గ్లాసు కింద పెట్టాడు.

"చిన్న రాడ్ నడుమ ఉన్నదట. నడుమ ఉంటే గేరు ఉన్నా లేనట్టేనని నేర్పేటాయన చెప్పిండు. నాకు పెద్దనాయిన యాదికొచ్చిండు. సచ్చేముందు సుత నా చెయ్యి పట్టుకొని అదే అన్నడు, పెద్ద రాడ్ గేరుల ఉన్నది బిడ్డా అని. నాకప్పుడు సమజ్ గాలె." ఒక అడుగు ముందుకు వేశాడు. "మా నాయిన పోయిన దినం చిన్న రాడ్ యాడున్నది కాకా?"

మూడు వేళ్ళు ముడుచుకోవడం చూశాను. స్పానరు పట్టుకుని లేచాను, కుర్రవాడిని వెనక్కి లాగుదామని. లూకా తన పిడికిలి వైపు చూసుకున్నాడు. తర్వాత విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నడుమ" అన్నాడు.

"రాయి?"

"నేనే తియ్యమన్న. గేరుల ఉన్నది లచ్చన్నా, గుంజు, పోదాం అన్న. వాడు నా మాట మీద గుంజిండు."

"మరి అందరికీ గట్ల ఎందుకు చెప్పినవ్?"

"కూలోళ్ళు ఉరికొచ్చి ఏమైంది అన్నరు. నోట్లకెళ్ళి అదే వచ్చింది. వద్దన్న, వినలే అన్న." లూకా కింద పెట్టిన గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు. "అప్పటికి మీ నాయినకు పానం ఉన్నది బిడ్డా. నేను అన్నది విన్నడు. నా దిక్కే చూసిండు. నోరు కదిపిండు గానీ మాట రాలే."

జాకీ రాడ్ గోడకు ఆనించి ఉంది. విశ్వతేజ దాన్ని ఎప్పుడు అందుకున్నాడో నాకు తెలియదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఎండు చెరకు విరిచినట్టు వినిపించింది. లూకా టైరు మీది నుంచి పక్కకు ఒరిగాడు. నేను అడ్డం వెళ్ళబోతే లూకానే అరిచాడు.

"జరుగు! ఎవడన్నా నడుమకొస్తే సంపుతా!"

అది మాట వరకే. చెయ్యి మాత్రం లేవలేదు. అరవై రెండేళ్ళయినా ఆయన లేస్తే ఆ సాఫ్ట్‌వేరు పిల్లవాడు రెండు ముక్కలయ్యేవాడు. పక్కటెముకల మీద మూడు పడ్డాయి. మణికట్టు మీద ఒకటి. ముఖం మీద పడినదానికి పెదవి చీలి పళ్ళు కనిపించాయి. నెత్తురు ఆయిలు మరకలో కలిసి నల్లగా పారింది. కొడుతున్నవాడే ఏడుస్తున్నాడు. "పెద్దనాయిన కన్ను! మా అమ్మ! మా అమ్మ నాయిన్నే తిట్టింది, ముప్పై ఏండ్లు!" ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. చివరికి రాడ్ చేతిలోంచి జారిపోయింది.

"లే. మా అమ్మకు చెప్పు."

లూకా లేచాడు. ఎట్లా లేచాడో తెలియదు. నలభై అడుగుల దూరం గోడలు పట్టుకుని నడిచాడు. సందులో తలుపులు తెరుచుకున్నాయి. శారదమ్మ మిషను ఆపి గడపలోకి వచ్చింది. నెత్తురు చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"వదినా, రాయి నేనే తియ్యమన్న. లచ్చన్న తప్పు లేదు. దయాకరన్న నిజమే చెప్పిండు."

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. లోపలికి వెళ్ళింది. ఫొటో ముందు నేల మీద చతికిలబడి నుదురు గోడకేసి కొట్టుకుంది. "తిట్టిన గద... అన్నం పెట్టుకుంట తిట్టిన గద" అంటూనే కొట్టుకుంది. కొడుకు పట్టుకునేసరికి నుదురు చిట్లింది. అక్కడి నుంచే లూకా వైపు చూపు తిప్పింది.

"దవాఖానకు తీస్కపో ఆయన్ని. సావొద్దు. బతకాలె. రోజూ నేను మిషను కాడ కూసుంటే నా కండ్ల ముందటికెళ్ళే పోవాలె."

పెద్ద దవాఖానలో కానిస్టేబులు పుస్తకం తెరిచాడు. మేబెల్ అప్పటికి వచ్చి మంచం పక్కన నిలబడింది. విశ్వతేజ గోడ దగ్గర, చొక్కా నిండా నెత్తురు.

"ఎవడు కొట్టిండు పెద్దాయనా?"

"ఎవడు కొట్టలే." పెదవికి కుట్లు, మాట ముద్దగా వచ్చింది. "జీపు కింద పండుకొని పని జేస్తున్న. మీదికొచ్చింది."

"బ్రేకు లేదా?"

"రాయి పెట్టుడు మరిచిన. తప్పు నాదే."

విశ్వతేజ నోరు తెరిచాడు. మేబెల్ అతని మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది. కానిస్టేబులు విసుగ్గా రాసుకుని, జీపు కింద పడి బతికినోడిని ఇప్పుడే చూస్తున్న అంటూ వెళ్ళిపోయాడు.

లక్ష్మణ్‌కు సగం వాటా ఉన్న ఆ పాత జీపు ఇప్పుడు శారదమ్మ ఇంటి ముందు ఉంది. నాలుగు చక్రాల కిందా నాలుగు రాళ్ళు. లూకా రోజూ పొద్దున షెడ్డుకు దాని పక్క నుంచే నడుస్తాడు, ఒక భుజం కిందికి జారి. మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. ఆయన దాటాక మళ్ళీ మొదలవుతుంది. కుడిచెయ్యి ఇక పైకి లేవదు. సందులో కొత్త పిల్లలు ఆయన్ని చూసి భయపడరు.

ఏప్రిల్ మొదటి ఆదివారం చర్చిలో బల్ల సమయానికి ఆయన లేచి బయటికి నడిచాడట. మేబెల్ వెనకే వెళ్ళి చెప్పుల దగ్గర పట్టుకుంది.

"ఇంక దేనికి? చెప్పాల్సింది చెప్పినవ్ గదా. లోపలికి రా."

"దయాకరన్నతోని రాజీ అయినంక వస్తా" అన్నాడు లూకా.