కుమ్మరి పురుగు రాని ఇల్లు

కుమ్మరి పురుగు ఇంట్లో మట్టి గూడు కడితే ఆ ఇంట బిడ్డ పుడుతుందని మావాళ్ల నమ్మకం. పెళ్లయి ఆరేళ్లయినా నాకు పిల్లల్లేరు. పొద్దున లేవగానే మా అత్త తలుపు వెనక మూల చూసేది, తర్వాత నన్ను చూసేది. నాకు ఒళ్లు మండేది.

వేలూరు పక్కన గుడియాత్తంలో మాది కట్టుబడి పనివాళ్ల ఇల్లు. అత్త ముప్పై ఏళ్లు మట్టీ ఇసుకా మోసిన మనిషి. ఆమె కాపురానికి వచ్చినప్పుడు ఇంటి మూలమూలకూ ఈ గూళ్లు ఉండేవట. ఇప్పుడు వీధంతా సిమెంటు, పురుగుకు చిటికెడు తడి మట్టి దొరకదు. అది తన పిల్లలకు మేతగా పెట్టే సాలీళ్లు పొలాల్లో కొట్టే మందులకు చచ్చిపోయాయి. ఇక మేస్త్రీ పని చేసే మా ఆయన సంగతి చెప్పనక్కర్లేదు, ఏ పునాది వేసినా చెదల మందు కొట్టందే రాయి పెట్టనివ్వడు. లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో గానీ, మా వీధిలో మాత్రం ఆ పురుగు అంతరించింది.

"యాడికి పోయినాయమ్మా అవి?" అనేది అత్త.

"నీ కొడుకునే అడుగత్తా" అనేదాన్ని.

ఒకరోజు అత్త వంటింట్లోకి పరుగున వచ్చింది. "అమ్మా, వచ్చి చూడు! పురుగు గూడు కట్టినాది!"

తలుపు వెనక నిజంగానే గూడు ఉంది. దగ్గరికెళ్లి చూస్తే మట్టిలో సిమెంటు కలిసి ఉంది, ఒక పక్క బొటనవేలి ముద్ర. మేస్త్రీ పెళ్లాన్ని, నాకా తెలియనిది? అయినా కోపం రాలేదు. ఇన్నాళ్లూ ఈమె నన్ను తప్పుపడుతోందనుకున్నాను, పాపం, నాతోపాటే ఎదురుచూస్తోంది.

"అవునత్తా, కట్టినాది" అన్నాను.

తర్వాతి నెల వేలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇక ఆశ లేదని చెప్పేసింది. తిరుగు బస్సులో అత్త నా వైపు తిరిగింది.

"నీ తప్పేం లేదమ్మా. ఆ గూడు పురుగు కట్టలేదు, నేనే కట్టినా" అంది.

"నాకు తెలుసత్తా."

"తెలిసి యాల చెప్పలేదు?"

"నా కోసం నువ్వు కట్టినావు కదా. యాల చెప్పేది?"

అత్త నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. దారిలో లత్తేరి ఊరు దాటినా వదల్లేదు. తల్లి కాలేనని తెలిసిన రోజున నేను ఒంటరిగా ఏడవలేదు. అందుకు ఆమెకు ఎంత రుణపడ్డానో నాకే తెలుసు.