ఎండకు వెలవని నీలం

విజయనగరం నుంచి నెల్లిమర్ల వచ్చే ఆటోలో ఒళ్లో సంచి పెట్టుకుందామంటే, అక్కడ అప్పటికే ఎవరో కూర్చుని ఉంటారు. 2014లో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు సరంజామా అలాగే ఇంటికి చేర్చాను. నీలం అద్దకం రంగు కలిసిన నీళ్లలో టైటానియం డయాక్సైడ్ నానో పొడి వేసి ఎండలో పెడితే, ఆ పొడి రంగును విరగ్గొట్టి నీటిని శుభ్రం చేయాలి.

రోజూ డాబా మీద గాజు గిన్నె పెట్టి కాలేజీకి వెళ్లేవాణ్ణి. ఐదు రోజులూ సాయంత్రానికి నీళ్లు పొద్దుటికంటే నీలంగా ఉన్నాయి. సైన్సుకి ఇది కొత్తే గానీ, మా గైడు సంతోషించలేదు. "సోమవారానికి రంగు పోకపోతే నీకు ఈ ఏడాది పోయినట్టే" అన్నారు.

ఆదివారం గిన్నె దగ్గరే కాపలా కూర్చున్నాను. మధ్యాహ్నానికి నీలం బాగా పలచబడింది. అంతలో అమ్మ నీలిమందు సీసాతో మెట్లెక్కి వచ్చి, గిన్నెలో వెయ్యబోయింది.

"అమ్మా! ఏటిది?"

"రోజూ ఎండకి రంగు ఎలిసిపోతన్నాది నాన్నా. మీ మేస్టారు తిడతారని నేనే నాలుగు సుక్కలు కలుపుతన్నాను."

నా పొడి పనిచేస్తోందన్నమాట! పోయిన ప్రాణం తిరిగొచ్చింది. సాయంత్రానికి నీలం జాడ లేదు. ఎండ తగిలితే పొడి రంగును విరగ్గొట్టే ఆ ఫొటోకెటాలిసిస్ అంతా అమ్మకి ఓపిగ్గా వివరించాను. ఆమె గిన్నెలోకి తొంగి చూసింది.

"నీలం నీళ్లు తెల్లగా సెయ్యడానికేట్రా నిన్ను ఎమ్మెస్సీ సదివించినాం?"