గాలిగడీ కవరు

ఈ వేసవిలో తాండూరులో మా విత్తనాల దుకాణం ముందుకు ఒక జొన్న అంబలి బండి వచ్చి చేరింది. ఒక మధ్యాహ్నం గ్లాసెడు తెప్పించుకుని, బల్ల మీదున్న వార్తాపత్రిక ముక్క మీద పెట్టి, వచ్చిన రైతుతో మాటల్లో పడ్డాను. తిరిగి గ్లాసు ఎత్తితే కాగితం కూడా దానితో పాటే లేచి వచ్చింది. అంచు నుంచి కారిన అంబలి ఎండి కాగితాన్ని పట్టుకుంది. గోటితో మెల్లగా ఊడదీశాను. లేత గోధుమరంగు మరక, అందులో జొన్న పొట్టు నలకలు, పులిసిన జొన్న వాసన. గ్లాసు అలాగే పక్కన పెట్టేశాను. ఇరవై రెండేళ్ల కిందట ఒక ఆదివారం, వికారాబాదులో ఒక ఇంటి వసారాలో, అందరి ముందు చెప్పవలసిన మాట ఒకటి నేను చెప్పలేదు. ఆ మాట ఇది: అంజయ్య కవరు విప్పి చదివింది నేను. దాని నింద మోసింది మా రాజారత్నం సార్. ఆయనను ఎరిగినవాళ్లలో కొందరు ఈనాటికీ ఆయన పక్షపాతి అనుకుంటారు. అది అబద్ధమని రాయడానికి నాకంటే తగినవాడు లేడు.

సార్ తాండూరు హైస్కూల్లో నాకు సోషల్ చెప్పారు. సన్నటి మనిషి, గడియారం మణికట్టు లోపలివైపుకు పెట్టుకునేవారు. చరిత్ర చెప్పేటప్పుడు రాజుల పేర్లు తొందరగా చెప్పేసి, ఆ రాజు పల్లకీ మోసినవాళ్లు మధ్యాహ్నం ఏం తిని ఉంటారని మమ్మల్ని అడిగేవారు. ఆయన తాత నవాబుపేట దగ్గర ఒక గడీలో, అంటే దొర కోటలో, వెట్టి చేసినవాడు. ఆ తాతకు రెండెకరాల మెట్ట చెలక ఉండేదట. దాన్ని దొర కలుపుకోబోతుంటే తాలూకా కచేరీకి ఒక అర్జీ రాయించి, దాన్ని చేర్చమని గడీ లెక్కలు రాసే మునషీ చేతికే ఇచ్చాడు, ఆ దారిన వెళ్లేవాడు అతనొక్కడే కనుక. మునషీ దారిలో అర్జీ విప్పి దొరకు చదివి వినిపించాడు. అర్జీ కచేరీకి చేరేనాటికి ఆ చెలకలో దొర నాగళ్లు తిరుగుతున్నాయి. సార్ ఈ కథ నాకు ఒక్కసారే చెప్పారు. "భూమి పోయినందుకు కాదు నాగేశా, తన మాట తనకంటె ముందుగాల గడీకి చేరినందుకు ఏడ్చిండంట మా తాత," అన్నారు.

సార్‌కు వికారాబాదు బదిలీ అయింది. కొన్నేళ్లకు విత్తనాల వ్యాపారం నేర్చుకునేందుకు నాకూ అక్కడే ఒక దుకాణంలో పని దొరికింది. రోజూ రైలులో వెళ్లి వచ్చేవాణ్ని. ఒక ఆదివారం ఆయన్ను చూడడానికి వెళితే వసారాలో సార్ చుట్టూ ఐదుగురు కూర్చుని ఉన్నారు, మధ్యలో ఒక నున్నటి నీలి నాపరాయి. దాని మీద తెల్లరంగుతో చుక్కలు, చుక్కల మధ్య గీతలు. అది ఒక ఆట, ఆకాశపు చుక్కల్లో పరచుకున్న ఒక సామ్రాజ్యం. మధ్యనున్న పెద్దచుక్క మీద తొమ్మిదేళ్ల రోగిష్టి చక్రవర్తి ఉంటాడు. చుట్టూ ఆరు చుక్కల్లో ఆరు గడీలు. అంచుల్లో చిన్న చిన్న వెట్టిచుక్కలు, అక్కడ తరతరాలుగా జనం కూలి లేకుండా గనులు తవ్వుతారు. చక్రవర్తి నెత్తి మీద గొడుగు పట్టే హక్కు ఏ గడీకి దక్కితే ఆ గడీదే రాజ్యం. ఒక్కొక్కరు ఒక గడీకి దొర. సార్ ఏ గడీకీ చెందరు. ఆయన పేష్కారు, అంటే దొరల చీటీలు సభలో చదివేవాడు. ఇదంతా ఎందుకు సార్ అని అడిగితే నవ్వారు. "మా ఊరి గడీ కూలింది గని, గడీ బుద్ధి కూలలే. దాన్ని చుక్కల్ల పెట్టి చూద్దామని. దూరంకెళ్లి జర సాఫ్ కనబడతది."

నాకు బండగడీ ఇచ్చారు. అన్నిటికంటే సంపన్నమైనది. నియమాలు రెండే. చుక్కల మధ్య మాట చేరడానికి కాలం పడుతుంది కనుక ఆ వారం ఎత్తు రాసిన, ఆదివారం సభలో చదివే చీటీ బుధవారానికే అతికించిన కవరులో సార్‌కు చేరాలి. చేరాక మార్చడానికి లేదు, సభలో అందరి ముందు తప్ప విప్పడానికీ లేదు. రెండోది, చీటీలో మూడు వాక్యాలకు మించి ఉండకూడదు. "మూడు మాటల్ల చెప్పలేనోడు అబద్ధమన్న చెప్తున్నడు, భయమన్న పడుతున్నడు," అనేవారు. నా మొదటి చీటీ రెండు పేజీలు రాసుకెళ్తే చదవకుండానే తిరిగి ఇచ్చారు. ఆ తర్వాత జీవితంలో నేను రాసిన ప్రతి ఉత్తరమూ, బ్యాంకుకు రాసినా బంధువులకు రాసినా, మూడో వాక్యం దగ్గర ఒకసారి ఆగి చూసుకుంటుంది. నాకు తెలిసిన తెలుగంతా అక్కడ నేర్చుకున్నదే.

మాలో అందరికంటే బాగా ఆడేది అంజయ్య. నాకంటే పదేళ్లు పెద్ద. కరణ్‌కోట వైపు నాపరాళ్ల గనిలో పని. ఏడో తరగతితో చదువు ఆపాడు. ఆ నీలిరాయిని సైకిల్ మీద స్టేషనుకు తెచ్చి, రైలెక్కించి సార్ ఇంటికి చేర్చింది అతనే. అతనిది గాలిగడీ, నేల లేదు, చుక్కల మధ్య తిరిగే ఓడలు తప్ప ఏమీ లేవు. బుధవారం పొద్దున పనికి వెళ్లేముందు తాండూరు స్టేషనుకు వచ్చి, సార్‌కు చేర్చమని నాకు కవరు ఇచ్చేవాడు. నా ఎదుటే సద్దిడబ్బా తెరిచి, కొంచెం జొన్న గట్క వేలికి తీసుకుని కవరుకు రాసి అతికించేవాడు.

"ఏం బండగడీ దొరా, బువ్వ తిన్నవా?" అనేవాడు.

"తిన్న అంజన్నా. నువ్వు?"

"నా బువ్వతోనే గద కవరు మూసిన. జర పైలం, నా ఓడలన్ని నీ సంచిల ఉన్నయి. టికెట్టు కలెక్టరు దింపేస్తడేమో."

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. అతను దొరా అన్నప్పుడు నాకు నవ్వుతోపాటు ఇంకేదో కూడా కలిగేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఆటలో వచ్చిన పదవి నిజంగానే నాదన్నట్టు ఉండేది. తాండూరు బజారులో మూడు తరాలుగా దుకాణం ఉన్న ఇల్లు మాది. రాళ్లు కొట్టే మనిషి చేతిలో ఆదివారం ఆదివారం ఓడిపోవడం, సార్ అతని చీటీని రెండుసార్లు చదివి "గిది చూడుండ్రి" అనడం నాకు గుచ్చుకునేది. నా చీటీని సార్ ఎన్నడూ రెండోసారి చదవలేదు.

రెండేళ్ల ఆట తర్వాత చక్రవర్తి చనిపోయే వారం వచ్చింది. గొడుగు ఎవరిదో ఆ ఆదివారం తేలిపోతుంది. ఆ బుధవారం రైలు రుక్మాపూర్ దాటాక కాగితం కప్పులో టీ కొన్నాను. దాని ఆవిరి మీద అంజయ్య కవరు పట్టుకున్నాను. ధారూరు వచ్చేలోపు మడత ఊడింది. లోపల ఉన్నది రెండుసార్లు చదివాను. అతనికి గొడుగు అక్కర్లేదు. తన ఓడలన్నీ మూడో వెట్టిచుక్క దగ్గరికి పంపి అక్కడి జనానికి అప్పగిస్తున్నాడు. ఎక్కండి, వెళ్లిపోండి అని. గనులు తవ్వేవాళ్లే లేకపోతే ఏ గడీ నిలుస్తుంది? సామ్రాజ్యమే ముగుస్తుంది. మాలో ఎవరికీ తోచని ఎత్తు. చదివి సంతోషించవలసినవాణ్ని, భయపడ్డాను. ఒడిలోనే నా చీటీ తిరగరాశాను: బండగడీ సైన్యం మూడో వెట్టిచుక్క వెనక కాచుకుని ఉంటుంది. కవరు మీది తడి జిగురు రుమాలుతో తుడిచి, నా టిఫిను డబ్బాలోని అన్నం మెతుకులు నలిపి మళ్లీ అతికించాను. ఆరేదాకా తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. సార్ చేతికి ఇస్తే కళ్లజోడు తీసి పలకరించి, కవర్లను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశారు.

ఆదివారం సభలో సార్ ఎప్పటిలాగే ప్రతి కవరూ ఎత్తి చూపించి, స్టీలు స్కేలుతో మడత విప్పి చదువుతూ వచ్చారు. అంజయ్య కవరు దగ్గర ఆయన బొటనవేలు మడత మీద ఆగింది. ఒక్క క్షణం. తర్వాత మడత విప్పకుండా పక్క అంచు చించి చీటీ బయటికి తీశారు. దాని తర్వాత నాది చదివారు. అంజయ్య ఓడలు నాశనమయ్యాయి, వెట్టిచుక్కలు అలాగే ఉన్నాయి, గొడుగు నాకు వచ్చింది.

"సార్," అన్నాడు అంజయ్య మెల్లగా. "ఆ మూడో చుక్క ముచ్చట నేను నా పెండ్లానికి గూడ చెప్పలే. రాసిన, మూసిన, పంపిన. నాలుగు దినాలు మీ పెట్టెల ఉన్నది."

"ఉన్నది అంజయ్యా."

"మరి గీయనకు ఎట్ల తెలిసె?"

సార్ ఖాళీ కవరును చొక్కా జేబులో పెట్టుకున్నారు. మమ్మల్ని అందరినీ చూస్తూ, "ఎవరికన్న ఏమన్న చెప్పేది ఉన్నదా?" అని అడిగారు. నా నాలుక మీదికి మాట వచ్చింది. వీధిలో ఏదో ఆటో పోతుంటే అది పోయాక చెబుదామనుకున్నాను. పోయింది. చెప్పలేదు. అంజయ్య లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "పాత విద్యార్థి గద, శేటు కొడుకు గద. మీ తాత ముచ్చట చెప్తుంటే నా కండ్లకు నీళ్లు వచ్చినయి సార్. ఆఖరికి మునషీ మునషీయే." ఆ మాటకు సార్ ముఖం ఎలా మారిందో నేను చూడలేదు, తల వంచుకుని ఉన్నాను. ఆయన జేబులోని కవరు మాత్రం బయటికి తీయలేదు. మరో రెండు ఆదివారాలు వచ్చినవాళ్లను కూర్చోబెట్టి అదే ప్రశ్న అడిగారు. రెండుసార్లూ నేను ఉన్నాను. మూడో ఆదివారం తర్వాత ఆట ఆగిపోయింది. అంజయ్య మళ్లీ ఆ గడప తొక్కలేదు. నేను తాండూరులో సొంత దుకాణం పెట్టుకుని, రైలెక్కే పని లేదన్న సాకుతో సార్ దగ్గరికి వెళ్లడం మానేశాను.

ఇన్నేళ్లలో సార్‌ను పెళ్లిళ్లలో రెండు మూడుసార్లు చూశాను. బాగున్నవా నాగేశా అనేవారు, అంతకు మించి ఏమీ లేదు. పోయిన వానాకాలంలో ఆయనకు బాగాలేదని తెలిసి వెళ్లాను. ఇంట్లో కూతురు సువార్త ఉంది. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే కుళాయి కింద బట్టలు ఉతికే బండగా ఆ నీలిరాయి ఉంది. చుక్కలన్నీ అరిగిపోయాయి. ఒక మూలన తెల్లగా ఏదో మరక మాత్రం ఉంది, అది ఏ గడీయో పోల్చుకోలేకపోయాను. లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చుని, ఇక ఆగలేక చెప్పేశాను.

"తెలుసు," అన్నారు సార్. సువార్తతో ట్రంకుపెట్టె తెరిపించి ఒక కవరు తీయించారు. పక్క అంచు చిరిగి ఉంది, మడత అతికించినట్టే ఉంది. మడత అంచున ఎండిన తెల్లటి మెతుకు ఒకటి. "అంజయ్య కవర్లు రెండేండ్లు విప్పిన. అన్నీ జొన్న గట్కవే, పొట్టు తోని. గా ఒక్కటే తెల్లగుండె."

ప్రతి బుధవారం నా కళ్లతో చూసినదే. ఆ రోజు రైల్లో జిగురంటే జిగురే అనుకున్నాను.

"మరి ఆనాడే ఎందుకు చెప్పలేదు సార్? కవరు చూపిస్తే అయిపోయేది గదా."

"నేను చెప్తె నువ్వు దొరికిపోయినోడివి అయితవు. నువ్వు చెప్తె మనిషివి అయితవని చూసిన." కొంతసేపు ఊపిరి తీసుకున్నారు. "మూడు ఆదివారాలు అడిగిన. ఎక్కువ అడిగిన్నా?"

నేను ఆయన పాదాలు పట్టుకోబోతే కాళ్లు దుప్పట్లోకి లాక్కున్నారు. "నా తాన ఏమున్నది మాఫ్ చేసేతందుకు? ఆ ఓడలు అంజయ్యవి. ముందుగాల ఆయనకు చెప్పు. ఆయన్ని తోల్కొని రా, ఒక్కసారి చూడాలని ఉన్నది." వస్తామని మాట ఇచ్చి, కవరు తీసుకుని బయటపడ్డాను. తాండూరు నుంచి కరణ్‌కోట ఎంత దూరం, బండి మీద పోతే పట్టుమని అరగంట కూడా కాదు. వచ్చే వారం అనుకున్నాను. తర్వాత విత్తనాల అదును అన్నాను, తర్వాత కంది కోత అన్నాను. చలికాలంలో సువార్త ఫోన్ చేసింది. శ్మశానంలో జనాన్ని వెతికాను, అంజయ్య లేడు. చెప్పనందుకు ఒకసారి పోగొట్టుకున్న మనిషిని, చెప్పకుండానే రెండోసారి పోగొట్టుకున్నాను. మొదటిసారి భయమని సర్దిచెప్పుకోవచ్చు. రెండోదానికి నా దగ్గర పేరు కూడా లేదు.

గ్లాసుకు కాగితం అతుక్కున్న ఆ మధ్యాహ్నం దుకాణం మూసి, ఒక చీటీ రాసి కవరులో పెట్టి, మిగిలిన అంబలితో అతికించాను. కరణ్‌కోటలో అడిగితే ఇల్లు చూపించారు. అంజయ్య వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. గని దుమ్ము ఛాతీలో చేరి, రెండు మాటలకు ఒకసారి ఆగి దగ్గుతున్నాడు. నన్ను పోల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

"బండగడీ దొర," అన్నాడు. "సారు పోయిండంట గద. విన్న. పోలే నేను. మునషీ చావుకు నేనెందుకు పోవాలె అనుకున్న." మళ్లీ దగ్గాడు. "అనుకున్న గని, ఆ దినం బువ్వ తినబుద్ధి కాలే."

సార్ దాచిన పాత కవరు, నా కొత్త కవరు, రెండూ అతని చేతిలో పెట్టాను. పాతదాన్ని అటూ ఇటూ తిప్పి తన రాత గుర్తుపట్టాడు. మడత మీద వేలు పెట్టి ఆ తెల్ల మెతుకును చాలాసేపు తడిమాడు. నా ముఖం వైపు చూడలేదు. కొత్త కవరు నాకు తిరిగి ఇచ్చి, "నాకు కండ్లు ఆనుతలేవు. పేష్కారు లేడు గద. నువ్వే చదువు," అన్నాడు.

మడత విప్పి చదివాను.

"అంజన్నా, ఆ బుధవారం నీ కవరు రైల్లో విప్పి చదివింది నేను. సార్‌కు అది తెలుసు, నేను చెప్తానని ఇరవై రెండేళ్లు చూసి, నీ ముఖం చూడకుండానే పోయిండు. తప్పు నాది, నన్ను క్షమించు."