పైకి పోయినవాడు దిగేదాకా

మొన్న నాగర్‌కర్నూల్ బస్టాండు బయట షేర్ ఆటోలో పది నిమిషాలు కూర్చున్నాను. నా లెక్కలో అది గంటన్నర, ఎందుకంటే ఆటో నిండినా డ్రైవరు కదలడం లేదు. పక్క ఆటో డ్రైవరుతో కలిసి ఫోనులో ఏదో విదేశీ ఫుట్‌బాల్ ఆట చూస్తూ తగువు పడుతున్నాడు. ఎడమ అంచున వెనక కాపలా ఉండవలసిన ఫుల్‌బ్యాక్ ముందుకు ఉరికాడు, అదే అంచున ముందు ఆడే వింగర్ కూడా ముందే ఉండిపోయాడు, ఖాళీ పడిన జాగాలోంచి అవతలివాళ్లు దూరి గోలు కొట్టి పోయారు. తప్పు ఎవరిదన్నది పంచాయితీ. “వెనకోనికి బుద్ధి లేదు,” అని ఒకడు, “ముందలోడు దిగాలె గద, ఆయనేమన్న పెండ్లికొడుకా?” అని ఇంకొకడు. నా పక్కన కూరగాయల సంచితో కూర్చున్న అవ్వ విసిగిపోయి, “మీ ఇద్దరిల ఒకరు ఆటో నడుపుండ్రి, ఇంకొకరు గది జూడుండ్రి,” అనేసరికి నాకు నవ్వు ఆగలేదు. ముప్ఫయ్యేళ్ల కింద మా చిన్నాయన వనపర్తిలో మాకు నేర్పిన విద్య మొత్తం ఆ అవ్వ ఒక్క మాటలో చెప్పేసింది.

మా చిన్నాయన మట్టిపని గుంపుకు మేస్త్రి. మన పాలమూరు గుంపులు తవ్వని కాలువ, పోయని కట్ట దేశంలో లేదని అందరూ అంటారు. చిన్నాయన మాత్రం ఒకటి రెండు కొండలు కూడా తామే పక్కకు జరిపామని చెప్పేవాడు, నాకీ గుణం ఎవరి నుంచి వచ్చిందో మీరే గ్రహించవచ్చు. గోవా దిక్కున పనిలో ఉన్నప్పుడు అక్కడివాళ్ల ఆట చూసి మరిగాడు. మోకాలు దెబ్బతిని ఇంటికి వచ్చేటప్పుడు బియ్యం సంచిలో ఒక తోలు బంతి పెట్టుకొని వచ్చి, కాలేజీ మైదానంలో మమ్మల్ని పదకొండు మందిని పోగుచేశాడు. ఆట గురించి ఒక్క పుస్తకం చదివినవాడు కాదు. తెలిసిన పని ఒక్కటే కనుక దానితోనే ఆటా నేర్పాడు.

మట్టిపనిలో ఇద్దరిద్దరిది ఒక జోడి. ఒకరు గుంతలో పార పట్టి తట్ట నింపుతారు, రెండోవారు దాన్ని నెత్తిన పెట్టుకొని కట్ట ఎక్కి పోసి వస్తారు, అలసినప్పుడు మార్చుకుంటారు. ఇద్దరూ కట్ట మీదే కనిపిస్తే గుంతలో పని ఆగినట్టు, ఇద్దరూ గుంతలోనే ఉంటే కట్ట లేవనట్టు. దీనికి తోడు ఇంకొక కట్టుబాటు ఉండేది. పైకి పోయినవాణ్ణి కిందివాడు పిలవకూడదు. వాడు ఖాళీ తట్టతో తనంతట తాను దిగిరావాలి. పిలిచాడంటే తన జోడి మీద నమ్మకం లేదని పదిమందిలో చాటినట్టే, ఇక ఆ ఇద్దరూ కలిసి పనిచేసేవాళ్లు కారు.

మా జట్టులో కుడి అంచు మొత్తం మా ఇంటిదే. ముందు వింగర్‌గా మా పెద్దనాయన కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద, అన్న. వెనక ఫుల్‌బ్యాక్‌గా నేను. ఎండాకాలాల్లో గుంపుతో పనికి పోయి వచ్చిన కాళ్లు అన్నవి. అన్న పరుగు గురించి మాత్రం నాకు అబద్ధం చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. మా ఇద్దరికీ జోడి కుదరాలని చిన్నాయన ఒక బావి గిలకను తెచ్చి మా గోలు స్తంభానికి కట్టించి, దాని మీదుగా పొడుగాటి మోకు తాడు వేసి, ఒక కొస అన్న నడుముకు, ఇంకొక కొస నా నడుముకు బిగించాడు. అన్న ముందుకు ఉరికితే మోకు నన్ను వెనక్కి గుంజుతుంది, నేను ఉరికితే అన్న వెనక్కి రావలసిందే. ఒకసారి ఇద్దరం ఒక్కుమ్మడిగా ఉరికితే స్తంభం ఊడి మా వెంట సగం మైదానం దాకా వచ్చిందనీ, గోల్‌కీపర్ తన గోలు కోసం మా వెనకాల పరుగెత్తాడనీ నేను చెబుతుంటాను. స్తంభం వంగిన మాట నిజం, మిగతాది మీ ఇష్టం. నెల తిరిగేసరికి మోకు విప్పేసినా నడుముకు ఆ గుంజుడు తెలిసేది. వెనుదిరిగి చూడకుండానే అన్న ఎంత దూరంలో ఉన్నాడో వీపుకు ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అంతలో గద్వాల జట్టుతో ఆట కుదిరింది. పట్నం నుంచి ఒక సారు చూడవస్తున్నాడనీ, తమ ఆఫీసు జట్టుకు ఒకణ్ణి ఏరుకుంటాడనీ, ఆ ఒక్కడికీ సర్కారు కొలువు దొరుకుతుందనీ కబురు. ఆ ఒక్కడూ అన్నే కావాలని మా ఇంటిల్లిపాదీ మొక్కుకున్నాం. పెద్దనాయన పోయాక ఆ ఇంటి బరువు అన్న మీద పడింది, ఎండాకాలం పని చాలదని పేరు గుంపులో ఏడాది మొత్తానికీ రాయించుకున్నాడు. ఆట ఆదివారం, గుంపు లారీ సోమవారం పొద్దున పుణె దిక్కుకు కదులుతుంది. సారు కంట పడితే కొలువు, పడకపోతే తట్ట. నాకా, ఇంకా చదువు మిగిలి ఉంది, నాయన గట్టిగా ఉన్నాడు, తొందరేమీ లేదు. అందుకే ముందు రోజు చిన్నాయన నన్ను పక్కకు పిలిచి, “రేపు నువ్వు గుంతల్నె ఉండు. పైకి వాడు పోతడు. నీకు సందు దొరికితె పో, కాని పోసి ఎంబడే దిగు,” అన్నాడు. గట్లనే అని చెయ్యి పట్టుకొని మాట ఇచ్చాను.

గద్వాలవాళ్లు కృష్ణ దాటి లారీలో వచ్చారు. వాళ్ల వెంట వచ్చినవాళ్లలో కొందరు మమ్మల్ని కన్నడంలో తిడుతుంటే, అర్థం కాక మేము మెచ్చుకుంటున్నారనుకొని చేతులూపాం. మొదటి సగంలో అన్న అంచు పట్టుకొని గాలిలా పోతుంటే షామియానా కింద సారు కలం తీయడం నా కళ్లారా చూశాను. రెండో సగంలో గద్వాలవాళ్లు తెలివిగా అన్న మీద ఇద్దరిని పెట్టారు. ఇద్దరు అన్నకు అతుక్కుంటే అన్నకు బయటి వైపు అంచు ఖాళీ కదా; నేను ఆ సందులో ఉరికాను, అన్న బంతిని నా దారిలోకి తోసి, తాను మారుమాట లేకుండా వెనుదిరిగి నా జాగాలో నిలబడ్డాడు. నేను కొట్టిన బంతి గోలు ముందు నుంచి దూసుకుపోయింది, మైదానం చుట్టూ చప్పట్లు. అప్పటిదాకా కాపలా మనిషికి ఎవరైనా చప్పట్లు కొడతారని నాకు తెలియదు.

దిగాలి. ఇంకొక్క బంతి ఆడి దిగుదాం అనుకున్నాను. అది అయ్యాక ఇంకొక్కటి. చిన్నాయన కుంటుకుంటూ గీత వెంట ఉరుకుతూ, “దిగురా! ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకొని ఏం జూస్తున్నవ్, దిగు!” అని అరిచాడు. ఆ గోలలో వినబడలేదని నేను ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. వినబడింది. అన్న మాత్రం ఒక్కసారి కూడా పిలవలేదు. వెనక నిలబడి గద్వాల వింగర్‌ను మూడుసార్లు ఒంటరిగా ఆపాడు. చివరికి నేను కొట్టిన బంతి గద్వాల ఆటగాడి మోకాలికి తగిలి వాళ్ల గోల్లోకే పోయింది, మేం గెలిచాం. ఆ మోకాలిని ఎన్నో ఏళ్ల కిందటే నా కథలోంచి తీసేశాను.

సారు నన్ను పిలిపించాడు. చిన్నాయన అడ్డం వచ్చి, “సార్, గా పిల్లగాన్ని జూడుండ్రి, అసలు ఆటగాడు వాడు,” అని అన్నను చూపిస్తే, సారు పాపం మర్యాదగానే, “రెండో సగంలో అతను ముందుకే రాలేదు కదండీ,” అన్నాడు. నేను దిగలేదు కనుక రాలేదు అని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. సారు నా పేరు అడిగాడు. నా పేరు, నాయన పేరు, చదువు చెప్పాను. తిరిగి వస్తుంటే అన్న తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, “పైన గాలి మంచిగున్నదా రా?” అని నవ్వాడు. సోమవారం లారీ ఎక్కాడు.

ఆ కొలువులోనే ఇన్నేళ్లుగా కూర్చున్నాను. అన్న పద్దెనిమిదేళ్లు తట్ట మోసి, ఇప్పుడు వీపనగండ్ల దగ్గర కొంత పొలంలో పల్లికాయ వేస్తున్నాడు. పెండ్లిళ్లలో కలిస్తే పంటల గురించీ పిల్లల గురించీ మాట్లాడుకుంటాం, ఆట గురించి తప్ప. మొన్న ఆ ఆటో డ్రైవర్ల తగువు విన్నాక మనసు ఆగలేదు, దిగి బస్సులు మారి నేరుగా చేనులోకే పోయాను. అన్న స్ప్రింక్లర్ పైపులు మారుస్తున్నాడు. కూర్చోకుండానే అడిగేశాను, ఆ దినం నన్నెందుకు పిలవలేదని, ఆ వేళ కూడా గుంపు కట్టుబాటే చూసుకున్నావా అని.

అన్న పైపు కింద పెట్టాడు. “కట్టుబాటు గాదు రా. పిలిస్తె దిగుతవని తెల్సు. పిలువకుంటె దిగుతవా లేదా, గది తెల్వకుండె. చూద్దామనుకున్న.”

“మరి?”

“ఇంక జూస్తనే ఉన్న,” అని నవ్వి, “గా కొస వట్టు,” అన్నాడు. పొద్దు వాలేదాకా ఇద్దరం పైపులు మార్చాం.

ఇప్పుడు మట్టి తవ్వడానికి పెద్ద పెద్ద యంత్రాలు వచ్చాయి, ఒక్కడే కుర్చీలో కూర్చొని తవ్వి ఒక్కడే పోస్తాడు, జోడి అక్కరలేదు. ఆటలోనూ అంచున ఇద్దరిలో ఎవరు పోవాలో ఎవరు ఆగాలో తెర మీద రంగురంగు గీతలు గీసి చెప్పేవాళ్లు వచ్చారు, అలా గీసి ఉంటే ఆ దినం సారుకు అన్న కనిపించేవాడేమో. మంచికే వచ్చాయి, కాదనను. అయినా, పైకి పోయినవాడు తనంతట తాను దిగుతాడేమోనని ఒక్క మాట పిలవకుండా ముప్ఫయ్యేళ్లు చూసే మనిషి ఈ కాలంలో ఎవరికైనా ఉన్నాడా అని మాత్రం, ఆఫీసు మేడ మెట్లు ఎక్కేటప్పుడల్లా అనిపిస్తుంది.