లాప్‌టాప్‌కి రాసిన కొబ్బరినూనె

ఫిజీ దీవుల్లోని సవుసవు బజారులో నా రొట్టెల బల్ల పక్కనే అకెనెటా బల్ల. పాత లాప్‌టాప్ మొరాయిస్తే ఊరంతా ఆమె దగ్గరికే వస్తారు. ఇరవై రెండేళ్ళు వైర్‌లెస్ ఆఫీసులో ఓడల కబుర్లు విన్న చెవి అది. ఎవరైనా కారణాలు చెప్పబోతే, "నువ్వాగు, దాన్ని చెప్పనీ" అంటుంది. ఆ ధీమాకి నాకు ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే చివరికి ఆమె మాటే నిజమవుతుంది.

గురువారం పొద్దున చర్చి పాటల జట్టు పెద్ద ఇసిరేలి వచ్చాడు. సాయం అడిగేటప్పుడు మర్యాదగా ఇచ్చే యంగోనా మొక్క వేళ్ళ కట్ట ఆమె ముందు పెట్టి, పక్కన లాప్‌టాప్ పెట్టాడు.

"ఇది లేవట్లేదు మరదలా. మా ఆవిడ లోసనా పోయేముందు పాడిన పాట ఇందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. శనివారం పోటీలో జట్టు దాన్నే పాడాలి. రాజధాని సువాలో చూపిస్తే పారేయమన్నారు."

వాళ్ళ దీవికీ ఆమె ఊరికీ తాతల నాటి వేళాకోళం వరస. అందుకే అకెనెటా జాలి చూపించలేదు.

"మీ దీవివాళ్ళకి పాడటం తప్ప ఏమొచ్చు బావా? ఇలా తే."

మీట నొక్కింది. తెర నల్లగానే ఉంది. పొడుగ్గా మూడు కూతలు వినిపించాయి.

"మెమరీ ముక్క అందట్లేదంటోంది. పాట ఉండేది వేరే చోట, దానికేం కాదు."

బ్యాటరీ తీసి, అడుగు మూత విప్పింది. కొబ్బరినూనెలో వేసి కాచే మొకొసోయి పూల వాసన నా బల్ల దాకా వచ్చింది.

"కొబ్బరినూనె రాశావా?"

"ఉప్పు గాలి కదా. కత్తికి రాస్తాం, తలుపు బందులకి రాస్తాం. దీనికెందుకు రాయకూడదనుకున్నా."

"వేయించుకు తిందామనుకున్నావేమో."

నేను పగలబడి నవ్వాను. ఇసిరేలి నవ్వలేదు.

"లోసనా కాచిన నూనె. సీసా అడుగున కాస్తే మిగిలింది. తన గొంతుకి తుప్పు పట్టకూడదని ఉన్నదంతా దీనికే రాసేశాను."

నాకు సిగ్గేసింది. మామూలుగా అయితే అకెనెటా స్పిరిట్‌తో తుడిచేసేది. ఆ రోజు మాత్రం ముందు తన తెల్ల జేబురుమాలు తీసి, జిడ్డంతా నెమ్మదిగా దానికి అద్ది, మడిచి పక్కన పెట్టింది. ఆ తర్వాతే స్పిరిట్. మెమరీ ముక్క అంచున ఉన్న పసుపు గీతల్ని రబ్బరుతో రుద్ది, టక్కుమనేదాకా నొక్కి కూర్చోబెట్టింది.

ఈసారి పొట్టిగా ఒక్కటే కూత. తెర మీద తేదీ తప్పంటూ అక్షరాలు వచ్చాయి. ఇసిరేలి మొహం వాడిపోయింది.

"లోపలి గడియారం బ్యాటరీ బిళ్ళ అయిపోయింది, అంతే. మారుస్తాలే. పాటకి తేదీతో పనేంటి?"

తేదీ సరిచేసి ముందుకి వెళ్ళింది. కాసేపటికి లోసనా గొంతు బజారులోకి వచ్చింది. చేమదుంపలు అమ్మే ఆవిడ బేరం ఆపేసింది. ఇసిరేలి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

అకెనెటా పాటని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి తనే ఉంచుకుంది. "మీ దీవివాళ్ళని నమ్మలేం" అంది. ఆయన లేవబోతుంటే, ఆ జేబురుమాలుని మూత బిగిసే చిన్న డబ్బాలో పెట్టి చేతికిచ్చింది.

"ఇదీ నీదే బావా. మళ్ళీ దేనికీ రాయకు."