ఇత్తడి బ్యాండుకో రాక్ పాట

మా పెదనాన్న పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పాడతాడు. నోట్లో బ్రష్ ఉంటుంది కాబట్టి మాటలు రావు, నురగతో పాటు బాణీ ఒక్కటే బయటికి వస్తుంది. వంటింట్లో కాఫీ కలుపుతున్న పెద్దమ్మ అది ఏ పాటో చెప్పాలి. చెప్పగలిగితే పాట పాసైనట్టు. చెప్పలేకపోతే పెదనాన్న పుక్కిలించి ఉమ్మేసి, అద్దం పక్కన మేకుకు వేలాడే చిన్న పుస్తకంలో ఆ పాట పేరు కొట్టేస్తాడు.

ఈ ఉద్యోగం పెద్దమ్మ కోరి తెచ్చుకున్నది కాదు. ఒకరోజు ఆవిడ, "కుళాయి మళ్ళీ లీకవుతోందా?" అని వంటింట్లోంచి అడిగింది. అప్పట్లో ఊళ్ళో ఏ ఆటో ఎక్కినా వినిపిస్తున్న రాక్ పాట అది. పెదనాన్న దాన్నీ కొట్టేశాడు.

ఆయన కళ్ళద్దాల కొట్లో పనిచేస్తాడు. ఫ్రేముకు సరిపడేలా అద్దం అంచులు అరగదీయడం ఆయన పని. వెంట్రుకవాసి ఎక్కువ అరిగిందంటే అద్దం ఊడి పడుతుంది, తక్కువ అరిగితే ఫ్రేములో కూర్చోదు. ఇంత ఓపిక ఉన్న మనిషి కాబట్టి ఊరి ఇత్తడి బ్యాండువాళ్ళు తమ నొటేషన్ కాగితాలన్నీ ఆయనకు అప్పగించారు. కొత్తవి ఎంచి తెప్పించడం, చిరిగినవి అతికించడం, పోగొట్టినవాళ్ళను నిలదీయడం అన్నీ ఆయనే. వాయించేది టూబా. బ్యాండులో అన్నిటికన్నా పెద్ద వాద్యం. అది ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే వెనక మనిషున్నాడని బూట్లను బట్టి తెలుసుకోవాలి.

బ్యాండులో ఇరవై ఆరుగురు. అందరూ పగలు ఏదో ఒక పని చేసుకునేవాళ్ళే. లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారొకాయన నడిపిస్తాడు. గురువారం సాయంత్రాలు అగ్నిమాపక కేంద్రం మేడమీద సాధన. కింద గంట మోగితే ట్రంబోన్ల వరస మొత్తం కుర్చీలు తోసుకుని మెట్లు దిగి పరిగెడుతుంది. ఆ ముగ్గురూ అక్కడి ఉద్యోగులే. వాళ్ళు మంటలార్పి వచ్చేదాకా ట్రంబోన్లు వినిపిస్తున్నట్టు ఊహించుకుని వాయించాలని మాస్టారి నియమం.

టూబాకు సరిగ్గా ముందు కుర్చీ మా అత్తది, అంటే పెదనాన్న చెల్లెలిది. బస్సు డిపోలో పాసులిచ్చే కౌంటర్లో పనిచేస్తుంది. వాయించేది టెనార్ హార్న్, చూడ్డానికి టూబా పిల్లలా ఉంటుంది. దాన్ని వాయించేవాళ్ళు మనకు ముగ్గురున్నారని బ్యాండులోనే సగంమందికి గుర్తుండదు. రాగమంతా పొట్టి ట్రంపెట్లలాంటి కార్నెట్లది, గాంభీర్యమంతా టూబాది. ఆ రెంటి మధ్యనుండే ఖాళీ పూడ్చడం హార్న్ పని. టూబా "బోమ్" అంటుంది, హార్న్ "పా" అంటుంది. బోమ్ పా, బోమ్ పా. కవాతు పాటైనా, నాట్యం పాటైనా ఆవిడ చేతికొచ్చే కాగితం మాత్రం అదే.

ఒక గురువారం సాధన అయ్యాక అత్త హార్న్ తుడిచి పెట్టెలో పెడుతూ, మామూలుగా బస్సు వేళలు చెప్పే గొంతుతో, డిపోలో కోరస్ బృందం మొదలైందనీ, తననూ రమ్మన్నారనీ, వాళ్ళ సాధన కూడా గురువారమేననీ చెప్పింది. పార్కులో కచేరీ అయ్యేదాకా ఉంటానంది. ఆ తర్వాత మానేస్తానని విడిగా చెప్పలేదు, హార్న్ పెట్టె మూత గట్టిగా వేసింది.

"కోపమొచ్చిందా ఎవరిమీదైనా?" అని పెదనాన్న అడిగాడు.

"కోపమెందుకు? పందొమ్మిదేళ్ళుగా నువ్వు బోమ్ అంటున్నావు, నేను పా అంటున్నాను. అన్నాచెల్లెళ్ళం ఇంతకంటే ఏం మాట్లాడుకున్నామో నువ్వే చెప్పు. నాక్కూడా ఒక్కసారి పాట పాడాలనుంది, అన్నయ్యా. నాలుగు వరసలు చాలు."

పెదనాన్న తన చేతిలోని కాగితాల కట్ట వైపు చూసుకున్నాడు. కాగితాలు ఎంచి తెచ్చిందంతా ఆయనే మరి. పందొమ్మిదేళ్ళలో తెచ్చిన పాటల్లో చెల్లెలికి ఏముందో ఒక్కసారీ చూడలేదు. ఇంటికొచ్చి పెద్దమ్మతో, ఇన్నేళ్ళూ లోకానికంతా కళ్ళద్దాలు అమర్చి తన ముందు కుర్చీ తనకే కనపడలేదన్నాడు. పెద్దమ్మ, టూబా అడ్డమొచ్చి ఉంటుందిలే అని ఊరడించింది.

సరిగ్గా ఆ వారమే మాస్టారు, పార్కు కచేరీకి వచ్చేవాళ్ళు నానాటికీ తగ్గిపోతున్నారనీ, వస్తున్నవాళ్ళలో సగంమంది బెంచీ ఖాళీగా దొరికి కూర్చున్నవాళ్ళేననీ, ఈసారి కార్యక్రమంలో ఒక రాక్ పాటా, ఈకాలపు స్వరకర్త రాసినదొకటీ ఉండాలనీ తేల్చాడు. పెదనాన్న తలూపాడు. ఆ రెంటిలో ఒకదాంట్లోనైనా హార్న్‌కు రాగం ఉండాలని లోపల అనుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రాక్ పాట ఎంచడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆ పాటల్లో సగం బలం మాటల్లోనూ, పాడేవాడి అరుపులోనూ ఉంటుంది. అవి తీసేస్తే ఒకే స్వరం పద్నాలుగుసార్లు మిగులుతుంది. మొదట తెప్పించిన పాటకు సరిగ్గా అదే జరిగింది. పళ్ళ పరీక్ష రోజు పెద్దమ్మ జలుబు చేసి నిద్ర లేవలేదు, పెదనాన్న తనే మార్కులు వేసుకున్నాడు. సాధనలో కార్నెట్లు ఆరూ కలిసి ఆ స్వరాన్ని పద్నాలుగుసార్లు ఊదేసరికి, కింద వీధిలో ఎవరో కారు తీసి పక్కకు పెట్టారు.

ఈకాలపు స్వరకర్త కాగితాలు ఇంకో రకం. మొదటి రెండు పేజీల్లో ఎవరూ స్వరం పలికించకూడదు, వాద్యంలోంచి ఉత్త గాలి ఊదాలని రాసి ఉంది. తెల్లవారుజాము పొగమంచు భావం అట. పాతికమంది అరనిమిషం పాటు బుస్సుమన్నాక డ్రమ్స్ వాయించే ప్లంబరు కర్రలు కింద పెట్టాడు.

"మాస్టారూ, పైపుల్లో గాలి చేరిందంటే జనం నన్ను పిలుస్తారు. ఇక్కడేమో మనమే నింపుతున్నాం."

ఆ పాటలోనూ హార్న్‌కు దక్కింది గాలే. అత్త ఒక్క బుస్సు కూడా వదలకుండా ఊదింది. అంత బుద్ధిగా ఊదడమే పెదనాన్నకు కష్టంగా ఉంది.

కచేరీ ఐదు వారాల్లోకి వచ్చింది. పెదనాన్న కొట్టునుంచి రాగానే కంప్యూటరు ముందు కూర్చుని, కళ్ళలో వత్తులు వేసుకుని వెతికాడు. నొటేషన్ అమ్మేవాళ్ళు మొత్తం కాగితాలు చూపించరు, నమూనాగా ఒక్క పేజీ చూపిస్తారు. ఒకరోజు ఆయనకొక రాక్ పాట తగిలింది. పళ్ళ పరీక్షలో పెద్దమ్మ రెండో వరసకే గుర్తుపట్టి, గరిటె ఊపుతూ తనూ అందుకుంది. నమూనా పేజీ ట్రంపెట్‌ది. కార్నెట్లు దాన్ని ఉన్నదున్నట్టు వాయించుకోవచ్చు. పైగా ఆ పేజీనిండా విరామాలే. ఇంత విశ్రాంతి ఇచ్చాడంటే రాసినవాడు పెదవుల బాధ తెలిసిన పెద్దమనిషని పెదనాన్న మురిసిపోయాడు. కార్నెట్లు ఊరుకున్నప్పుడు రాగం ఇంకెవరికో వెళ్ళి ఉంటుంది, హార్న్‌కే అయ్యుండవచ్చు. వెంటనే తెప్పించాడు.

వచ్చిన కవరు మామూలుకన్నా లావుగా ఉంది. సాధన రోజు విప్పి పంచుతుంటే ఒక్కొక్కటే బయటపడింది. ఫ్లూట్ కాగితాలు. క్లారినెట్ కాగితాలు, మూడు రకాలు. సాక్సఫోన్ కాగితాలు. అది ఇత్తడి బ్యాండు కోసం రాసింది కాదు, పిల్లనగ్రోవులూ సాక్సఫోన్లూ అన్నీ ఉండే పెద్ద బ్యాండు కోసం రాసింది. మన బ్యాండులో వాటిలో ఒక్కటీ లేదు. ట్రంపెట్ పేజీలో అన్ని విరామాలెందుకో అప్పుడర్థమైంది. రాగమంతా సాక్సఫోన్‌ది.

అయినా తెచ్చారు కదా అని మాస్టారు ఒకసారి వాయించి చూద్దామన్నాడు. ప్లంబరు ఉత్సాహంగా మొదలుపెట్టాడు. ట్రంబోన్లు అందుకున్నాయి. కార్నెట్లవాళ్ళు కాళ్ళతో తాళం వేస్తూ తమ విరామాలు లెక్కపెట్టుకున్నారు. పాటంతా అయింది, రాగం మాత్రం రాలేదు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, లేని ట్రంబోన్లను ఊహించుకోవడం మనకలవాటేగానీ లేని పాటనే ఊహించుకోవడం కొంచెం ఎక్కువని అన్నాడు. గదంతా గొల్లున నవ్వింది. పెదనాన్న టూబా వెనక్కి వీలైనంత జరిగాడు.

మర్నాడు భోజనాల బల్లమీద కాగితాలన్నీ పరిచి కూర్చున్నాడు. ఏది ఎవరికి సర్దవచ్చో చూస్తున్నాడు. క్లారినెట్ కాగితం కార్నెట్‌కు సరిపోతుంది, శ్రుతి ఒకటే. సాక్సఫోన్ కాగితం చేతిలోకి తీసుకున్నాక పై మూల రాసి ఉన్న శ్రుతి రెండుసార్లు చదివాడు. ఆ సాక్సఫోన్ శ్రుతీ, టెనార్ హార్న్ శ్రుతీ ఒకటే. ఒక్క స్వరం మార్చకుండా ఆ పేజీని హార్న్ ముందు పెట్టి వాయించుకోవచ్చు. నెలరోజులుగా ఎక్కడెక్కడో వెతికిన రాగం, నాలుగు వరసలు కాదు, రెండు నిండు పేజీలు, తప్పు కవరులో ఇంటికొచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రమే డిపోకు వెళ్ళాడు. కౌంటరు కిటికీలోంచి కాగితం లోపలికి తోశాడు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"జాలిపడి తెచ్చావా?"

"జాలా? ఫ్లూట్ కాగితాలు ఎవరి నెత్తిన పెట్టాలో తెలీక నేనేడుస్తుంటే, నీమీద జాలిపడే తీరికెక్కడిదే?"

వెనక వరసలో నిలబడినాయన తన పాసు సంగతేమిటన్నాడు. అత్త కాగితం సొరుగులో పెట్టుకుంది.

చిక్కు తర్వాతి గురువారం వచ్చింది. అత్తకు స్వరాలన్నీ వచ్చాయి, ఇంటి దగ్గర బాగా సాధన చేసింది. కానీ ప్రతి వరసా తాళానికి అరదెబ్బ ఆలస్యంగా ఎత్తుకుంటోంది. పెదనాన్న "బోమ్" వినపడేదాకా ఆవిడ ఊపిరి కదలదు. పందొమ్మిదేళ్ళ అలవాటు. మాస్టారు ఆపి, దెబ్బతో పాటే మొదలుపెట్టమన్నాడు. మళ్ళీ ఆలస్యం. వేలితో చూపించాడు. మళ్ళీ ఆలస్యం. ఐదోసారికి అత్త హార్న్ ఒళ్ళో పెట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని, కార్నెట్లకే ఇచ్చేయండి మాస్టారూ అంది. కార్నెట్లవాళ్ళు చెయ్యి చాపడానికి పెద్దగా మొహమాటపడలేదు.

పెదనాన్న లేచి నిలబడ్డాడు. టూబాతో లేవడం చిన్న పని కాదు, కుర్చీ కూడా కొంచెం లేచింది. ఈలోగా ప్లంబరే మాట్లాడాడు.

"ఆవిణ్ణి దిద్దకండి. ఆ ఆలస్యమే బాగుంది. దెబ్బమీద కచ్చితంగా వాయిస్తే కవాతులా ఉంటుంది, కొంచెం వెనకపడితేనే రాక్. కాకపోతే దెబ్బ మాత్రం గోడలా నిలబడాలి. టూబా ఆయన జారకూడదు."

మాస్టారికి నమ్మకం కుదరలేదు. ఒక్కసారి చూద్దామన్నాడు. పెదనాన్న కూర్చుని, చెల్లెలి వీపు వైపు చూస్తూ, "నేనెక్కడికీ పోను, నువ్వు నీ టైముకు రా" అన్నాడు. బోమ్ అన్నాడు. అరదెబ్బ తర్వాత రాగం వచ్చింది. ఈసారి సిగ్గుపడుతూ కాదు, కావాలనే ఆలస్యం చేసినట్టు, వీధి మలుపులో నిలబడి పిలిపించుకుని వచ్చే మనిషిలా వచ్చింది. ప్రతి వరస చివరా దెబ్బను అందుకుంటోంది, మళ్ళీ మొదట్లో వెనకపడుతోంది. ట్రంబోన్లవాళ్ళు వాయిస్తూనే తల తిప్పి చూశారు. ఆ రోజు కింద గంట మోగలేదు, పాట చివరిదాకా సాగింది. మాస్టారు, లెక్కల్లో ఇది తప్పే అన్నాడు. తర్వాత అలాగే ఉంచమన్నాడు.

టూబా కాగితం కూడా పెద్ద బ్యాండు పద్ధతిలోనే ఉంది, ఇత్తడి బ్యాండు టూబాలకు అలవాటు లేని లిపి. అప్పటిదాకా అందాజుగా వాయించిన పెదనాన్న, ఆ వారం తన కాగితం మొత్తం తనే చేత్తో తిరగరాసుకున్నాడు. ఎవరికోసమైనా వెతకగలడుగానీ తనకోసం వెతుక్కోడని పెద్దమ్మ దెప్పింది.

పార్కులో కచేరీకి జనం మరీ ఎక్కువేం రాలేదు. రెండు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. పొగమంచు పాటకు ఒక కుక్క లేచి వెళ్ళిపోయింది. రాక్ పాటకు మాత్రం నడుస్తున్నవాళ్ళు కొందరు ఆగారు. ఒక పెద్దాయన వచ్చి, హార్న్ పెట్టెలో పెడుతున్న అత్తను, బ్యాండులో కొత్తగా చేరారా అని అడిగాడు. అత్త అవునంది.

డిపో కోరస్‌వాళ్ళకు ఆ తర్వాతి సోమవారమే రాలేనని చెప్పేసింది. కారణం అడిగితే, మా అన్నయ్య ఒక్కడే బోమ్ అంటూ కూర్చుంటే బాగోదని చెప్పిందట. అది పెదనాన్నకు ప్లంబరు ద్వారా తెలిసింది. విని కళ్ళద్దాలు అరగదీసే మిషను ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇదంతా జరిగి మూడేళ్ళయింది. పెదనాన్నకు ఇప్పుడు అరవై రెండు. కొట్టుకు వారానికి నాలుగు రోజులే వెళ్తున్నాడు. మిగిలిన రోజుల్లో సాక్సఫోన్ కోసం అచ్చయిన కాగితాలు తెప్పించి హార్న్‌లకు సర్దుతుంటాడు. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి.